గిన్నె మూత మీద ఇరవై నాలుగు పదాలు

హన్మకొండలో మా డాబా మీది చిన్న గదిలో రెండు గ్రాఫిక్స్ కార్డులతో ఈథర్ మైనింగ్ (కంప్యూటర్ లెక్కలతో ఈథర్ అనే క్రిప్టో నాణేలు సంపాదించడం) చేసిన రోజుల్లో, ఎండాకాలం మధ్యాహ్నం ఆ గది తలుపు తీస్తే ఇటుక బట్టీ ముందు నిలబడ్డట్టుండేది. 2022 సెప్టెంబరులో ఈథర్ నడిచే ఈథీరియం నెట్‌వర్క్, లెక్కల పోటీకి బదులు నాణేలు హామీగా పెట్టినవారే లావాదేవీలను ధ్రువీకరించే ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారడంతో ఆ కార్డులకు పని లేకుండా పోయింది. బిట్‌కాయిన్‌కైతే మైనింగ్‌కే ప్రత్యేకంగా చేసిన ఏసిక్ యంత్రాలు కావాలి. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) దక్కే కొత్త నాణేలు 3.125కు తగ్గాయి. కరెంటు బిల్లు పట్టుకుని అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

మిగిలిన కొద్దిపాటి నాణేలను కాపాడుకోవడమే అసలు పని. నాణేల లెక్క బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టా మీదే ఉంటుంది. నాణేలను వాడుకునే యాప్ లేదా పరికరమైన వాలెట్‌లో ఉండేది వాటిని కదిలించగల రహస్య తాళంచెవి మాత్రమే. ఆ తాళంచెవిని తిరిగి పుట్టించే 12 లేదా 24 పదాలు 2048 పదాల జాబితాలోంచి వస్తాయి, వాటి వరుస తప్పకూడదు. నేను మొదట ఆ పదాల కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసుకున్నాను. అది దానంతటదే క్లౌడ్‌లోకి ఎక్కిందని వారం తర్వాత గాని చూసుకోలేదు. ఆ రాత్రే కొత్త వాలెట్ తెరిచి ఉన్నదంతా అందులోకి మార్చాను.

కొత్త పదాలను పాత స్టీలు గిన్నె మూత లోపలివైపు చెక్కాను. గిన్నెల మీద పేర్లు కొట్టే దుకాణంలో ఇస్తే అందంగా చెక్కేవారే, కానీ పదాలు చూపడమంటే తాళంచెవి చేతిలో పెట్టడమే కనుక, ఆ మిషను ఒక పూటకు అడిగి తెచ్చుకున్నాను. ఆ జాబితాలో మొదటి నాలుగు అక్షరాలతోనే ప్రతి పదాన్నీ గుర్తుపట్టవచ్చు కాబట్టి అంతవరకే చెక్కాను. అయినా పదిహేడో పదం వంకరగానే వచ్చింది.