డాక్టర్‌కి మాట పడిపోయిన ఎపిసోడ్

నిన్న రాత్రి మళ్ళీ మిడ్‌నైట్ చూశా. డాక్టర్ హూ అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌లో, 2005లో మళ్ళీ మొదలయ్యాక వచ్చిన నాలుగో సిరీస్ పదో ఎపిసోడ్, 2008 జూన్ 14న బీబీసీ వన్‌లో వచ్చింది. చూసిన ప్రతిసారీ ఒకే చోట ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఈసారీ అంతే, ఏం జరగబోతోందో డైలాగుతో సహా తెలిసి కూడా. అందుకే దీని గురించి రాయాలనిపించింది. కథ మొత్తం చెప్పేస్తున్నా కాబట్టి చూడనివాళ్ళు ముందు చూసి వచ్చేయండి, నలభై ఐదు నిమిషాలే.

1963లో మొదలై, మధ్యలో కొన్నేళ్ళు ఆగి మళ్ళీ వచ్చిన సిరీస్ ఇది, భయపెట్టే ఎపిసోడ్లకేం కొదవ లేదు. మనం చూడనప్పుడు మాత్రమే కదిలే రాతి విగ్రహాలతో భయపెట్టారు, గ్యాస్ మాస్కు మొహంతో అమ్మా అని పిలిచే పిల్లాడితో భయపెట్టారు. కానీ మిడ్‌నైట్‌లో దెయ్యం కనపడదు, పేరు లేదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. ఒక బస్సు లాంటి బండి, అందులో ఎనిమిది మంది, తలుపు బయట టకటకమని చప్పుడు. ఇంతే సరుకు. రాసింది రస్సెల్ టి డేవిస్, డైరెక్ట్ చేసింది ఆలిస్ ట్రౌటన్.

మిడ్‌నైట్ అనేది గ్రహం పేరు. నేలంతా వజ్రాలే, కానీ అక్కడి ఎండ తగిలితే మనిషి క్షణంలో మసైపోతాడు, ఆ గ్రహం మీద ప్రాణం అన్నది ఉండే అవకాశమే లేదని అందరి నమ్మకం. డాక్టర్ (డేవిడ్ టెనెంట్), అంటే వైద్యుడు కాదు, కాలంలో ప్రయాణించే గ్రహాంతరవాసి, ఈ సిరీస్ హీరో, సరదాగా నీలమణి జలపాతం చూసొద్దామని టూరిస్టు బండి ఎక్కుతాడు, ఆయనతో తిరిగే స్నేహితురాలు డోనా మాత్రం నేను రాను, ఈత కొలను పక్కన పడుకుంటా అంటుంది. బండి పేరు క్రూసేడర్ 50. నాలుగు గంటల ప్రయాణం. హోస్టెస్ వచ్చి అందరికీ హెడ్‌ఫోన్లు, చెప్పులు, జ్యూసు, వేరుశనగ గింజలు పంచిపెట్టి టీవీలు, పాటలు, కార్టూన్లు అన్నీ ఒకేసారి ఆన్ చేస్తుంది, ఆ గోల భరించలేక డాక్టర్ చడీచప్పుడు లేకుండా సోనిక్ స్క్రూడ్రైవర్ అనే తన చేతి పనిముట్టుతో అన్నిటినీ చెడగొట్టేస్తాడు. దాంతో గతిలేక జనం ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెడతారు, నవ్వుకుంటారు, మొగుడూ పెళ్ళాం పాత హాలిడే కబుర్లు చెప్తారు, ప్రొఫెసర్ స్లైడ్లు వేసి పాఠం చెప్తాడు. మన దూరం రైలు ప్రయాణాల్లో రెండు స్టేషన్లు దాటేసరికి డబ్బాలు విప్పి ఇది తినండి అది తినండి అంటారు చూడండి, సరిగ్గా ఆ వాతావరణం. ఈ పది నిమిషాలు ఊరికే పెట్టలేదు, ఎందుకంటే కాసేపట్లో అదే మనుషులు అదే డాక్టర్ని కాళ్ళూ చేతులూ పట్టుకుని బయటికి ఈడుస్తారు.

బండి ఆగిపోతుంది. ఇంజన్‌లో ఏ లోపమూ లేదు, ఊరికే ఆగిపోయింది. డాక్టర్ బలవంతం మీద డ్రైవర్ కాసేపు కిటికీ పలక ఎత్తితే మెకానిక్కి దూరంగా ఏదో నీడ పరిగెత్తుతూ కనిపిస్తుంది, మనకి మాత్రం చూపించరు. ఇక ఆ తర్వాత తట్టడం మొదలు. గోడ మీద, అటు, ఇటు, పైన. ఒకాయన తలుపు మీద మూడుసార్లు కొడితే బయటినుంచి మూడుసార్లు జవాబొస్తుంది. డాక్టర్ నాలుగు కొడితే నాలుగు. ఏమీ లేదు, రాయి జరిగింది అంతే, బయట ఏదీ బతకలేదు అని ప్రొఫెసర్ చెప్తూనే ఉంటాడు.

ఆ తట్టుడు చుట్టూ తిరిగి తిరిగి స్కై అనే ఆవిడ దగ్గర ఆగుతుంది. లైట్లు పోతాయి. లైట్లొచ్చేసరికి డ్రైవర్ క్యాబిన్ మొత్తం పీకేసి ఉంటుంది, స్కై మూలన తలపట్టుకుని కూర్చుని ఉంటుంది. మెల్లగా తల తిప్పుతుంది. ఆ తిప్పడం, ఆ కళ్ళు, అప్పుడే పుట్టిన పసిపిల్ల మొదటిసారి మనుషుల్ని చూస్తున్నట్టు ఉంటాయి. లెస్లీ షార్ప్ చేసింది ఆ పాత్ర, మేకప్ లేదు గ్రాఫిక్స్ లేదు, ఒట్టి మొహం.

ముందు ఎవరేమంటే అది తిరిగి అంటుంది. చిన్నప్పుడు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఏడిపించడానికి మన మాటే మనకి అప్పజెప్పేవాళ్ళు కదా, అలా. ఎంత తిక్కరేగేదో గుర్తుందా, రెండు నిమిషాలకే అమ్మా చూడవే అని అరిచేవాళ్ళం. ఇక్కడా జనం అలాగే ఆపు ఆపు అని అరుస్తారు, ఆవిడ కూడా ఆపు ఆపు అంటుంది. డాక్టర్ పరీక్షిద్దామని లెక్కల్లోని పై (π) కి వర్గమూలం చెప్తాడు, 1.7724538 అంటూ గుక్కతిప్పుకోకుండా, ఆవిడ దాన్నీ వదలదు. తర్వాత గ్యాప్ తగ్గిపోతుంది. ఇద్దరి పెదాలూ ఒకేసారి కదులుతుంటాయి. బస్సులో అందరూ ఒకేసారి తలో మాట అరుస్తుంటే ఆవిడ నోట్లోంచి అన్నీ వస్తుంటాయి, మన చెవికి ఎవరి గొంతు ఎవరిదో తెలీదు. ఆ తర్వాత మిగతావాళ్ళని వదిలేసి ఒక్క డాక్టర్నే పట్టుకుంటుంది.

ఇప్పుడు నేను చెప్పిన ఆ ఒక్క చోటు. డాక్టర్ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని బుజ్జగిస్తుంటాడు, నీకేం కావాలో చెప్పు, నేను సాయం చేస్తా, ఒప్పందం చేసుకుందామా అని. ఇద్దరి గొంతులూ కలిసి వస్తున్నాయి. ఒక్క వాక్యం. స్కై ముందు అంటుంది. డాక్టర్ తర్వాత అంటాడు. ఎంత సన్నగా జరుగుతుందంటే మొదటిసారి చూసినప్పుడు ఏదో తేడా కొట్టింది గానీ ఏంటో పట్టుకోలేకపోయా, వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తే అప్పుడు వెన్నులోంచి చలి పుట్టింది. స్కై మొహంలోకి రంగు వస్తుంది, లేచి నిలబడుతుంది, చక్కగా మాట్లాడుతుంది. డాక్టర్ మాత్రం బొమ్మలా బిగుసుకుపోయి, కళ్ళు ఒక్క చోటే నిలబెట్టి, ఆవిడ మాటల్ని ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంటాడు. దాంతో జనం ఆ దెయ్యం ఇప్పుడు డాక్టర్‌లోకి వచ్చేసిందని నమ్మి ఆయన్ని బయటికి తోసేయబోతారు.

నాకు ఈ ఎపిసోడ్ ఇంత భయం ఎందుకంటే, డాక్టర్ చేతిలో ఎప్పుడూ తుపాకీ ఉండదు. నోరే ఆయన ఆయుధం. ఎక్కడికి పోయినా గడగడా మాట్లాడి జనాన్ని తనవైపు తిప్పుకుంటాడు, శత్రువుని మాటల్లో పెట్టి గెలుస్తాడు. ఇక్కడ ఆ నోరే ముందు తిరగబడుతుంది. నువ్వెవరు, పేరేంటి అంటే జాన్ స్మిత్ అంటాడు, అబద్ధమని అందరికీ తెలిసిపోతుంది. నీ మాట మేమెందుకు వినాలి అంటే ఎందుకంటే నాకు తెలివి ఉంది కాబట్టి అనేస్తాడు. వేరే ఎపిసోడ్లో అయితే ఆ మాటకి చప్పట్లు కొడతాం, ఇక్కడ బస్సులో వాతావరణం ఆ ఒక్క మాటతో మారిపోతుంది, అంటే మేం తెలివితక్కువ వాళ్ళమా అని. నాకు ఆ జనం మీద కోపం వస్తుంది గానీ వాళ్ళని రాక్షసుల్లా తీయలేదు, అందరూ మామూలు మనుషులే, ప్రాణభయంలో ఉన్నారు, అదే ఎక్కువ బాధ.

మా అమ్మమ్మ చెప్పేది, రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకొద్దు, తెలిసిన గొంతైనా సరే, మూడోసారి పిలిస్తేనే పలుకు అని. ఓ స్త్రీ రేపు రా అని తలుపుల మీద రాసుకున్న రోజుల్లోనూ భయం ఇదే, అది మన ఇంట్లోవాళ్ళ గొంతుతో పిలుస్తుందని. లండన్‌లో టీవీ చూసేవాళ్ళకీ మన వీధిలో తలుపు మీద సుద్దతో రాసుకున్నవాళ్ళకీ ఒకే చోట గుండె జారుతుందని ఇది చూశాకే అనిపించింది.

నటుల గురించి కూడా చెప్పాలి. ప్రొఫెసర్ హాబ్స్‌గా చేసిన డేవిడ్ ట్రౌటన్ డాక్టర్ పాత్ర వేసిన రెండో నటుడు పాట్రిక్ ట్రౌటన్ కొడుకు. అంటే ఒక డాక్టర్ కొడుకే ఇంకో డాక్టర్ని బయటికి తోయడానికి పట్టుకుంటాడన్నమాట, ఆ సీన్లో అది గుర్తొచ్చి మనసు అదోలా అయిపోతుంది. కుర్రాడు జెత్రోగా చేసిన కోలిన్ మోర్గన్ అదే ఏడాది మెర్లిన్ సిరీస్‌లో హీరో. డోనా మొదట్లో, చివర్లో తప్ప కనపడదు, అందుకే డాక్టర్ పక్కన ఈయన మంచోడు అని చెప్పే మనిషి ఒక్కరూ లేరు.

2025లో ద వెల్ అని దీనికి కొనసాగింపు వచ్చింది, నాలుగు లక్షల ఏళ్ళ తర్వాత అదే గ్రహం. బాగుంది, రోజ్ ఐలింగ్ ఎల్లిస్ చాలా బాగా చేసింది. కానీ అందులో తుపాకులు పట్టుకున్న సైనికులున్నారు, ఇందులో వేరుశనగ గింజలు పట్టుకున్న టూరిస్టులున్నారు. నాకు ఇదే ఎక్కువ భయం.

చివరికి డాక్టర్ని కాపాడేది హోస్టెస్. స్కై నోటివెంట డాక్టర్ వాడే మాటలు, అలోంజీ (ఫ్రెంచిలో పదండి), మోల్తో బెనె (ఇటాలియన్‌లో చాలా బాగుంది), వినపడగానే ఆవిడకి అర్థమవుతుంది, గొంతు ఈయనది, దొంగిలించింది ఆవిడ అని. వెళ్ళి స్కైని పట్టుకుని తలుపు తెరిచి, ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెట్టి, తనతో పాటు బయటికి లాక్కుపోతుంది. అంతకుముందు కాసేపటి క్రితం స్కైని బయటికి తోసేద్దామని మొదట అన్నది కూడా ఈవిడే.

ఆ తర్వాత అందరూ కుర్చీల్లో మౌనంగా కూర్చుంటారు. కొంతసేపటికి డాక్టర్ అడుగుతాడు, ఆ హోస్టెస్ పేరేంటి అని. ఎవరికీ తెలీదు. తిరిగొచ్చాక డోనా నవ్వించడానికి మోల్తో బెనె అంటే వద్దు, అలా అనకు అంటాడు. ఎండ్ టైటిల్స్‌లో కూడా రాకీ అయోలా పేరు పక్కన హోస్టెస్ అనే ఉంటుంది.