లాంగ్‌టర్మ్‌కు వెళ్లకుండా ఎంబీబీఎస్ సీటు: నా అనుభవం

ఇంటర్ తరువాత ఏడాది ఆగి కోచింగ్ తీసుకునే లాంగ్‌టర్మ్‌కు వెళ్లకుండా, 2023లో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ముగిసిన నెల రోజులకే వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ రాసి, అదే ఏడాది విజయనగరంలో కొత్తగా ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు తెచ్చుకున్నాను. మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. నాన్న రైతు, అమ్మ ఆశా కార్యకర్త. మా బంధువుల్లో అంతకుముందు ఎంబీబీఎస్ చదివినవారు లేరు కనుక ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పేవారు లేక మేము చాలా తిరిగాము. మా తరువాత వచ్చే పిల్లలకు ఆ తిరుగుడు తగ్గాలని ఇది రాస్తున్నాను.

పదో తరగతి వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్ బైపీసీకి ఆంగ్ల మాధ్యమంలోకి మారాను. మొదటి మూడు నెలలూ పాఠం కంటే పదాలతోనే ఎక్కువ పోరాటం. సమవిభజన అంటే మైటాసిస్ అనీ, క్షయకరణ విభజన అంటే మియోసిస్ అనీ రెండు వరుసలుగా రాసుకున్న నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు. దానిలో ప్రతి ప్రశ్నా ఆంగ్లంలో కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఆంగ్ల పాఠాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. రెండేళ్లూ నమూనా పరీక్షలు ఆంగ్లంలోనే రాసినందువల్ల నేను ఆంగ్లాన్నే ఎంచుకున్నాను.

నేరుగా ఇంటర్ నుంచి సీటు సాధించాలనుకునేవారికి అసలు కష్టం రెండు పరీక్షలను ఒకేసారి మోయడంలో ఉంది. నేను చదివినప్పుడు పబ్లిక్ పరీక్షకు తెలుగు అకాడమీ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పుస్తకాల నుంచి బొమ్మలు గీసి దీర్ఘ సమాధానాలు రాయాల్సి వచ్చేది. నీట్‌కు జాతీయ స్థాయి పాఠ్యపుస్తకమైన ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రంలోని ఒక్కొక్క వాక్యం గుర్తుండాలి. నేను ఒక పాఠాన్ని ముందు అకాడమీ పుస్తకంలో చదివి, ఆ రాత్రే ఎన్‌సీఈఆర్‌టీలో అదే పాఠం తీసి, మొదటి పుస్తకంలో లేని వాక్యాల కింద పెన్సిలుతో గీత గీసేదాన్ని. చివరి నెలలో చదివింది చాలావరకు ఆ గీతలే.

మొత్తం 720 మార్కుల్లో జీవశాస్త్రానికే 360 ఉన్నాయి. అయినా నాతో చదివిన చాలామందిని వెనక్కి లాగింది భౌతికశాస్త్రమే. బైపీసీలో గణితం ఉండదు, కానీ భౌతికశాస్త్రంలో సదిశలు, అవకలనం, సంవర్గమానాలు అడుగడుగునా వస్తాయి. మా ఊళ్లో ఎంపీసీ చదివిన ఒక అన్నయ్య దగ్గర దసరా సెలవుల్లో పది రోజులు కూర్చుని ఆ మేరకు గణితం నేర్చుకోకపోయి ఉంటే నాకు ఈ సీటు వచ్చేది కాదని గట్టిగా నమ్ముతున్నాను.

ఫిబ్రవరిలో ఒక నమూనా పరీక్షలో ఒక ప్రశ్న వదిలేసి, జవాబుల గడులు నింపే ఓఎంఆర్ పత్రంలో దాని వరుస వదలడం మరిచిపోయాను. ఆ తరువాత పదకొండు జవాబులూ ఒక్కో గడి పైకి జరిగిపోయాయి. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత కనుక, తెలిసిన జవాబులకే మార్కులు పోవడం చూసి ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి పది ప్రశ్నలకూ ఆగి, ప్రశ్న సంఖ్యనూ గడి సంఖ్యనూ వేలు పెట్టి సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మే 7న విశాఖపట్నంలో పరీక్ష. మధ్యాహ్నం ఒకటిన్నరకు గేటు మూసేస్తారు కనుక ఉదయం రైలుకే బయలుదేరాము. పొట్టి చేతుల దుస్తులే వేసుకోవాలి, చెప్పులు తప్ప బూట్లు కూడదు. పెన్ను సైతం లోపలే ఇస్తారు. ఆ ఏడాది 200 ప్రశ్నల్లో 180 రాయాలి, సమయం మూడు గంటల ఇరవై నిమిషాలు. 2025లో ఆ ఐచ్ఛిక ప్రశ్నలను తీసేసి 180 ప్రశ్నలకు 180 నిమిషాలు చేశారు కనుక, జీవశాస్త్రాన్ని ముందుగా, త్వరగా ముగించడం ఇంకా అవసరం.

జూన్‌లో ఫలితాలు వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా విద్యార్థి ఒకరు 720కి 720 తెచ్చుకుని దేశంలో మొదటి ర్యాంకును పంచుకున్నారు. నాకు 553 వచ్చాయి. ఇక్కడ చాలా కుటుంబాలు పొరబడే విషయం ఒకటుంది. ఆ ఏడాది జనరల్ అభ్యర్థులకు అర్హత మార్కులు 137 మాత్రమే. అర్హత వేరు, ప్రభుత్వ సీటు వేరు. అర్హత సాధించామని మిఠాయిలు పంచి, తరువాత ప్రైవేటు కళాశాలల బీ కేటగిరీ (యాజమాన్య కోటా) ఫీజులు విని కుంగిపోయినవారిని నేను దగ్గరగా చూశాను.

దేశవ్యాప్త కోటాకు పోయే 15 శాతం సీట్లు తప్ప, మిగిలిన వాటికి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి విడిగా దరఖాస్తు చేయాలి. నీట్ రాసినంత మాత్రాన అది దానంతటదే జరగదు. ప్రవేశాల కోసం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంగా లెక్కించే మా వైపు జిల్లాల స్థానికత నిరూపించడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. నా దగ్గరున్న దానిలో ఏడో తరగతి సంవత్సరం తప్పు పడిందని గడువుకు రెండు రోజుల ముందు తెలిసింది. బడికి ఫోన్ చేస్తే, ప్రధానోపాధ్యాయులు బదిలీ అయ్యారని, కొత్తవారు ఇంకా రాలేదని చెప్పారు. నేను ఏడుస్తూ కూర్చుంటే నాన్న, "ఏడవకమ్మా, రేపు పొద్దున్నే బండి మీద ఎల్దాం, రిజిస్టర్‌లో రాసుంటాది కదా" అన్నారు.

మర్నాడు ఇన్‌చార్జి మాస్టారు బీరువాలోంచి ఎర్ర అట్టల ప్రవేశ రిజిస్టర్ దించి, అంచులు చిరిగిన పేజీలు మెల్లగా తిప్పుతూ నా పేరు వెతికారు. ఆ వరుసలో అమ్మ సంతకం కనిపించింది. అప్పటికి ఆమె ఆశా కార్యకర్తగా కొత్త, అక్షరాలు విడివిడిగా రాసి ఉన్నాయి. మాస్టారు కొత్త సర్టిఫికెట్ రాసి, ముద్ర వేసి, "డాక్టరమ్మవై రా తల్లీ" అన్నారు. ఆ సాయంత్రమే దాన్ని అప్‌లోడ్ చేశాము. ఈ కాగితాలన్నీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలతో సహా, పరీక్షకు ముందే వేసవిలో సిద్ధం చేసుకోవాలని ప్రతి తల్లిదండ్రులకూ చెబుతున్నాను.

కావాల్సిన కళాశాలలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గర చాలామంది తమకు ఏది రావచ్చో ఊహించి ఆ కళాశాలను పైన పెడతారు. అది తప్పు. మనం పెట్టిన వరుసలో మన ర్యాంకుకు అందే మొదటిదే ఇస్తారు కనుక, ఇష్టమైన వరుసలోనే పెట్టాలి. నేను విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల, కాకినాడ రంగరాయ, శ్రీకాకుళం, విజయనగరం అన్న క్రమంలో పెట్టాను, నాలుగోది వచ్చింది. "కొత్త కాలేజీ, ఏముంటాయో ఏమో" అని కొందరు వెనక్కి లాగారు. జిల్లా ఆసుపత్రిగా ఎన్నో ఏళ్లుగా మా పల్లెల రోగులు నిండిపోయే చోటే బోధనాసుపత్రి అయిందని, వైద్యం నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలని అమ్మ అన్న మాటే నాకు సరిగా తోచింది.

గాజులరేగలోని కళాశాలలో చేరిన రోజు ఏడాది ఫీజు 15 వేలు కట్టి, పదో తరగతి మెమో నుంచి టీసీ వరకు అసలు పత్రాలన్నీ అప్పగించాము. గుమాస్తా ఒక్కొక్కటీ చదివి జాబితాలో టిక్కు పెడుతూ, స్టడీ సర్టిఫికెట్ దగ్గర ఒక్క క్షణం ఆగి సంవత్సరాలు చూశారు. అన్నీ సరిపోయాయి. ఆయనిచ్చిన రశీదును అమ్మ మడవకుండా, తన ఆశా రిజిస్టర్ పేజీల మధ్య పెట్టి ఇంటికి తీసుకువెళ్లింది.