బార్బరా డిక్సన్: జానపదం నుంచి రంగస్థలానికి

ఇవాళంతా బార్బరా డిక్సన్ గొంతే వింటున్నా. 1947లో స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టి, ఫోక్ (జానపద) క్లబ్బుల్లో గిటార్‌తో పాడిన మనిషి. 1974లో నాటక రచయిత విల్లీ రస్సెల్ బీటిల్స్ బ్యాండ్ మీద రాసిన నాటకంలో ఆమెది నటన కాదు, పియానో దగ్గర కూర్చుని పాటలు పాడటమే. అసలు మలుపు 1983లో, లివర్‌పూల్‌లో మొదలైన సంగీత నాటకం 'బ్లడ్ బ్రదర్స్'. కవల పిల్లల్లో ఒకణ్ణి వేరేవాళ్లకి ఇచ్చేసిన తల్లి మిసెస్ జాన్‌స్టన్ పాత్ర ఆమెది. దానికి బ్రిటిష్ రంగస్థల పురస్కారం ఆలివియర్ అవార్డు వచ్చింది.

క్లబ్బులో పాడేవాళ్లు కథని నేరుగా శ్రోతలకే చెబుతారు. నాటకంలో అదే అలవాటు కొనసాగితే పాత్ర ఆగిపోయి కచేరీ మొదలవుతుంది. పాట ఎదుటి పాత్ర కోసం పుట్టాలి, మాట నుంచి పాటలోకి జారేచోట అతుకు కనబడకూడదు. పైగా లండన్ నాటకశాలల ప్రాంతం వెస్ట్ ఎండ్‌లో వారానికి 8 ప్రదర్శనలు. ఏడుపు సన్నివేశంలో గొంతు బిగిస్తే శనివారానికి స్వరం మిగలదు. 'బ్లడ్ బ్రదర్స్' చివర్లో పిల్లల శవాల దగ్గర ఆమె పాట వినండి: గమకాలు లేవు, ప్రతి అక్షరం స్పష్టం. బాలడ్ (కథాగేయం) గాయకుల పద్ధతే అది. నాకైతే ఆ శిక్షణే ఆమె అసలు బలం అనిపిస్తుంది.

'స్పెండ్ స్పెండ్ స్పెండ్' అనే మరో సంగీత నాటకానికి 2000లో రెండో ఆలివియర్ అందుకుంది.