ఎడమ మోకాలు

ఆ శబ్దం నాకొక్కదానికే వినిపించిందో, పక్కవాళ్లకీ వినిపించిందో ఇప్పటికీ తెలీదు. టప్ మని, అంతే. కాలేజీ ఆఖరి సంవత్సరం, ఫిబ్రవరి నెల, బాస్కెట్‌బాల్ మ్యాచ్ మూడో క్వార్టర్. ఎడమకి వెళ్తున్నట్టు నటించి, ఎడమ కాలు గట్టిగా ఆనించి కుడికి తిరిగాను. పాదం ఉన్నచోటే ఉండిపోయింది, మోకాలు లోపలికి వంగిపోయింది. నన్నెవరూ తగల్లేదు. నన్ను కాస్తున్న అమ్మాయి రెండడుగుల దూరంలో ఉంది. పాపం, తన వల్లే పడ్డాననుకుని రెండు చేతులూ పైకెత్తేసింది.

నొప్పి ఒక నిమిషం ఉందేమో. తర్వాత లేచి నడిచాను కూడా. "బెణికినట్టుంది సర్, ఐదు నిమిషాలు ఇవ్వండి" అన్నాను కోచ్‌తో. ఆయన నా మొహం చూడలేదు, మోకాలే చూస్తున్నారు. కోర్టు అంచు గీత పక్కన నిలబడి ఒక్కసారి ఆ కాలి మీద బరువేసి తిరగబోయాను. తొడ ఒకవైపు, పిక్క ఇంకోవైపు జారినట్టయింది. ఊగే మెట్టు మీద కాలేసినట్టు. అప్పుడు కూర్చున్నాను. రాత్రికల్లా మోకాలి చిప్ప ఎక్కడుందో తెలియనంతగా వాచింది.

ఎమ్మారై రిపోర్టులో ఏసీఎల్ పూర్తిగా తెగిందని వచ్చింది. తొడ ఎముకకీ దాని కింది ఎముకకీ మధ్య ఏటవాలుగా ఉండే లిగమెంట్ అది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. అది తెగేది ఎక్కువగా ఇలాగే, ఎవరూ ముట్టుకోకుండానే. ఉన్నట్టుండి ఆగినప్పుడు, దిశ మార్చినప్పుడు, ఎగిరి దిగినప్పుడు. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకి ఈ దెబ్బ కనీసం రెండు రెట్లు ఎక్కువగా తగులుతుంది. ఎగిరి సరిగ్గా దిగడం వామప్‌లో నేర్పిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. మా టీమ్‌లో ఆ పది నిమిషాలూ షూటింగ్‌కి పోయేవి. కెప్టెన్‌ని నేనే, కాబట్టి ఈ ఫిర్యాదు ఎవరి మీదా కాదు.

ఏప్రిల్‌లో ఒక ప్రొఫెషనల్ టీమ్ ట్రయల్‌కి పిలిచింది. నాలుగేళ్లు దాని కోసమే ఆడాను. వాళ్లకి ఫోన్ చేసి చెప్పడం సర్జరీ కంటే కష్టమైంది. అవతలి మేనేజర్ చాలా మర్యాదగా "త్వరగా కోలుకోండి" అన్నారు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడగడానికి నోరు రాలేదు.

వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగేదాకా సర్జన్ కత్తి పట్టనన్నారు. మూడు వారాలు ఆగాం. మోకాలి చిప్ప కింద ఉండే పట్టీలాంటి స్నాయువులో మధ్య భాగాన్ని, రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో సహా తీసి, తెగిన లిగమెంట్ స్థానంలో బిగించారు. సర్జరీ గురించి నాకు అంతకంటే చెప్పడానికేం లేదు, నిద్రపోయాను.

అసలు కథ మర్నాడు మొదలైంది. ఫిజియో మేడం నా చెయ్యి తీసుకుని నా తొడ మీదే పెట్టి, "ఇక్కడ బిగించండి" అన్నారు. బిగించాను. ఏమీ కాలేదు. చేతి కింద మెత్తగా, వేరే ఎవరి తొడో అన్నట్టు ఉంది. "గట్టిగా ప్రయత్నించండి." ప్రయత్నిస్తే దవడ బిగుసుకుంది, తొడ మాత్రం కదల్లేదు. మోకాల్లో వాపు, దెబ్బ ఉన్నప్పుడు నరాలే ఆ కండరానికి వెళ్లే ఆదేశాన్ని అడ్డుకుంటాయట. బలం తగ్గడం కాదు, స్విచ్ పడిపోవడం. ఎగిరి బోర్డు ముట్టుకునే మనిషిని నేను, మంచం మీంచి కాలు అంగుళం లేపలేక ఏడ్చాను. నాలుగో రోజు కనురెప్ప అదిరినట్టు చిన్న కదలిక వచ్చింది. అమ్మని కేకేసి ఆమె చెయ్యి కూడా అక్కడ పెట్టించాను. "ఏదీ, నాకు తెలియట్లేదే" అంది. నాకు తెలిసింది, చాలు.

ఆ రోజుల్లోనే మడమ కింద చుట్టిన టవల్ పెట్టుకుని పడుకుని అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి టమీకా క్యాచింగ్స్ గురించి చదివాను. టెనెసీ యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం, 2001 జనవరిలో ఆమె ఏసీఎల్ తెగింది. అయినా ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే అక్కడి మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ టీమ్‌లు వరసగా కొత్తవాళ్లని ఎంచుకునేటప్పుడు, ఇండియానా ఫీవర్ టీమ్ ఆమెని మూడో పిక్‌గా తీసుకుంది. ఆ సీజన్ ఒక్క మ్యాచ్ కూడా ఆడదని తెలిసే తీసుకుంది! 2002లో కోర్టులోకి వచ్చి ఉత్తమ కొత్త క్రీడాకారిణి, 2011లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి), 2012లో టైటిల్, నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. అదే లీగ్‌లో ఆడిన స్యూ బర్డ్‌కీ కాలేజీ మొదటి ఏడాదిలోనే తెగింది. పెయిజ్ బెకర్స్‌కి 2022 ఆగస్టులో తెగితే, 2025లో డబ్ల్యూఎన్‌బీఏ మొదటి పిక్ అయింది. అక్క ఇవన్నీ పంపించి "చూశావా" అనేది. చూశాను. వాళ్ల కోసం టీమ్‌లు ఆగాయి. నా కోసం ఎవరాగుతారు? ఇలాంటి కథలు ధైర్యం ఇస్తాయంటారు గానీ, నాకు మాత్రం సగం రోజులు ఒళ్లు మండేది.

మూడో నెలలో నాకు నొప్పి లేదు. ప్రమాదం అక్కడే. పెట్టిన కొత్త ముక్కకి మొదట రక్తప్రసరణ ఉండదు. ఒళ్లు దాన్ని తనదిగా చేసుకుంటూ మళ్లీ కట్టుకునే క్రమంలో, సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా అది బాగా బలహీనంగా ఉంటుంది. అంటే మనకి బాగుందనిపించే రోజుల్లోనే లోపల బాగోదు. ఇది తెలియక ఒకరోజు ఖాళీ కోర్టులో లేఅప్‌కి, అంటే బాస్కెట్ దగ్గరికి పరిగెత్తి ఒంటికాలి మీద ఎగిరి బంతి వేయడానికి, ఎగిరాను. కుడిచేత్తో వేసే లేఅప్‌కి ఎగిరేది ఎడమ కాలి మీద. ఏమీ కాలేదు, బంతి పడింది కూడా. గొప్పగా మేడమ్‌కి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. టేపు తీసి రెండు తొడలూ కొలిచి ఆ టేపు నా చేతికిచ్చారు. ఎడమది నాలుగు సెంటీమీటర్లు సన్నం. "ఎగిరింది ఈ కాలితోనేనా?" అన్నారు. మళ్లీ ఎగరలేదు.

తొమ్మిదో నెల పరీక్షలో ఎడమ తొడ బలం కుడిదాంట్లో 82 శాతం వచ్చింది. కనీసం 90 ఉండాలి. ఫెయిల్. తొమ్మిది నెలల దాకా ఆటకి తిరిగి వెళ్లడం ఆలస్యం చేసిన ప్రతి నెలకీ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగం తగ్గుతుందని ఒక పరిశోధనలో తేలింది. పాతికేళ్లలోపు వాళ్లలో ఆటకి తిరిగి వెళ్లినవాళ్లని తీసుకుంటే నలుగురిలో దాదాపు ఒకరికి ఆ మోకాలో, రెండోదో మళ్లీ తెగుతుంది. ఆ లెక్క చదివాక ఇంకో రెండు నెలలు ఆగడానికి పెద్దగా బాధపడలేదు. పదకొండో నెలలో 93.

అయితే మీటర్ చూపించనిది ఒకటుంది. ప్రాక్టీస్‌లో నేను అన్నీ కుడికాలి మీదే దిగుతున్నాను. నాకా సంగతే తెలీదు, వీడియో చూపిస్తే తెలిసింది. బుర్ర ఎడమ కాలిని నమ్మట్లేదు. దానికి మందు లేదు. స్టూలు మీంచి దూకి ఎడమ కాలి మీద దిగడం, మళ్లీ స్టూలెక్కడం. రోజుకి ముప్పై సార్లు. లెక్క మర్చిపోతే మొదటినుంచి.

మరుసటి ఏడాది ట్రయల్ వేరే టీమ్‌లో. అక్కడ నా షాట్ కంటే ముందు నా మోకాలు చూశారు. వాళ్ల డాక్టర్ మోకాలు కాస్త వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో పిక్కని ముందుకి లాగారు. టక్కున ఆగాలి. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. ఆ మూడోసారి లాగినప్పుడు నాకు పట్టిన టెన్షన్ ఏ ఫ్రీ త్రోకీ పట్టలేదు. ఒక్క సీజన్‌కి ఒప్పందం ఇచ్చారు. అందులో ఒక పేరా ప్రత్యేకంగా ఎడమ మోకాలి గురించే. కాలేజీలో దెబ్బ తగిలితే అందరూ పూలు తెచ్చారు, ఇక్కడ పేరా రాసుకున్నారు. నాకది తప్పనిపించలేదు. జీతం ఇచ్చేవాళ్లు అడుగుతారు కదా.

టీమ్‌లో ముప్పైమూడేళ్ల అక్క ఒకరున్నారు, రెండు మోకాళ్లకీ సర్జరీ అయినావిడ. మొదటి రోజే నా మచ్చ చూసి, "నువ్వూనా? ప్రాక్టీస్‌కి గంట ముందు రా, తొడలు చేద్దాం" అన్నారు. కాలేజీలోలా ఇక్కడ ఎవరూ వెంటపడి చేయించరు. మేమిద్దరం వెళ్లేసరికి జిమ్‌లో లైట్లు కూడా వేసి ఉండవు.

ఇప్పుడు ఆడుతున్నాను. మ్యాచ్‌కి పదిహేను నిమిషాలు, ఒక్కోసారి ఇరవై. స్నాయువు తీసిన చోట మాత్రం నేల తగిలితే ఇంకా చురుక్కుమంటుంది, మోకాలి మీద కూర్చోలేను. మొన్న ఆట మధ్యలో షూ లేస్ ఊడితే, బెంచీ దాకా నడిచి, కాలు పైకి పెట్టి కట్టుకుంటున్నాను. రెఫరీ బంతి పట్టుకుని చూస్తున్నారు. "అక్కడే వంగి కట్టుకోవచ్చుగా అమ్మా" అన్నారు. "అవ్వదు సర్" అని రెండో ముడి వేశాను.