కోవిడ్ తగ్గాక మిగిలిన దడ, దిగులు: నా అనుభవం

ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాక నాకు మిగిలినవి మూడు. తెల్లవారుజామునే మెలకువ, గుండెదడ, దేనిమీదా మనసు నిలవకపోవడం. అన్నిటికీ కలిపి ‘టెన్షన్’ అనేస్తారు. విడదీసి చూస్తేనే దారి దొరుకుతుంది.

ముందు డిశ్చార్జి సమ్మరీ తీయాలి. ఆక్సిజన్ పెట్టినవాళ్లకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మి.గ్రా. చొప్పున 10 రోజుల వరకు ఇస్తారు. అది నిద్ర చెడగొడుతుంది, చిరాకు పెంచుతుంది. ఆ తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, సోడియం, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు. థైరాయిడ్ ఎక్కువైనా దడే, తక్కువైనా దిగులే.

దడ వచ్చినప్పుడల్లా టైముతో పాటు కూర్చున్నానా, నిలబడ్డానా అని కూడా రాసుకున్నాను. వారం తిరిగేసరికి చూస్తే, దాదాపు ప్రతిసారీ లేచి నిలబడ్డప్పుడే. అలాంటప్పుడు పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టి, గోడకు ఆనుకుని నిలబడి పది నిమిషాల పాటు నిమిషానికోసారి రాయాలి. పక్కన మనిషి ఉండాలి, కళ్లు తిరిగితే వెంటనే ఆపేయాలి. నాకు పడుకుంటే 78, నిలబడ్డ ఐదో నిమిషానికి 114. పెద్దవాళ్లలో నాడి 30 లేదా అంతకు మించి పెరిగి, బీపీ పడిపోకుండా, ఇది నెలల తరబడి సాగితే డాక్టర్లు పాట్స్‌ను (నిలబడగానే నాడి విపరీతంగా పెరిగే సమస్యను) అనుమానిస్తారు. దానికి ధైర్యం చెబితే లాభం లేదు, వైద్యం వేరు.

దిగులును పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టికతో కొలుస్తారు. గత రెండు వారాల మీద 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 వచ్చినా, దాటినా డాక్టరు చూడాల్సిందే. ఇందులో ఒక మెలిక ఉంది. నిద్ర, నీరసం ప్రశ్నలకు జబ్బు వల్లే మార్కులు పడిపోతాయి. అందుకే ఆసక్తి, దిగులు అడిగే మొదటి రెండు ప్రశ్నలు విడిగా చూడాలి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదోదానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తంతో పనిలేదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

దిగులు తగ్గించే మందు సెర్ట్రలిన్ నాకు 25 మి.గ్రా.తో మొదలుపెట్టి 50కి పెంచారు. మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పుతుంది, అలజడి పెరిగినట్టుంటుంది. చాలామంది అక్కడే మానేస్తారు. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. బాగుందని ఉన్నట్టుండి ఆపినా తిప్పలే.

నడిస్తే మనసు తేలికవుతుందనే సలహా మాత్రం అందరికీ పనికిరాదు. శ్రమ పడ్డ 12 నుంచి 72 గంటల్లోపు కూలబడిపోయేవాళ్లు నడక పెంచితే ఇంకా దిగజారతారు.

తికమక మాటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ మొదలైతే సైకియాట్రీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. మెదడువాపు కావచ్చు, నేరుగా ఎమర్జెన్సీకే.