భువనగిరి గుట్ట మీద ఎనిమిది ముడి

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పొద్దున ఐదున్నరకి యాదగిరిగుట్ట బస్సెక్కితే ఎండ ముదరకముందే భువనగిరిలో దిగొచ్చు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్లే రైళ్లు కొన్ని అక్కడ ఆగుతాయి. కానీ రాళ్లెక్కడం నేర్పడానికి మూడు తాళ్ల సంచులు, పన్నెండు హెల్మెట్లు, పదకొండు మంది పిల్లలతో స్టేషన్ మెట్లెక్కి దిగడం కన్నా బస్సే నయం. అది ఫిబ్రవరి. మార్చి నడిమికి వచ్చేసరికి పది గంటలకే అక్కడి గుట్ట రాయి మీద అరచెయ్యి పెట్టలేం.

నా ముందు సీట్లో పదో తరగతి అమ్మాయి, పక్కన ఇంటర్ చదివే అబ్బాయి. వాడికి రెండేళ్లుగా రాళ్లెక్కడమే లోకం. వాడు ఏదో అడిగితే ఆ పిల్ల తడుముకోకుండా, "మొన్న వంద అడుగుల గోడ ఎక్కిన, వీ-ఫోర్ ఉంటది" అంది. వీ-ఫోర్, వీ-ఫైవ్ లెక్కలు బౌల్డరింగ్‌వి. అంటే తాడు లేకుండా, కింద పరుపేసుకుని ఎక్కే పొట్టి బండలకి. వంద అడుగుల గోడకి ఆ కొలత ఎవరూ చెప్పరు. వాడు కిటికీలోంచి చూస్తూ తలూపాడు. బహుశా వినలేదు. స్లొవేనియా క్లైంబర్ యాన్యా గార్న్‌బ్రెట్ టోక్యోలో, పారిస్‌లో రెండు ఒలింపిక్స్‌లోనూ బంగారం గెల్చిందని కూడా చెప్పింది ఆ పిల్ల. అది నిజమే. రాత్రంతా ఫోన్లో చదువుకుని వచ్చినట్టుంది.

ఇలాంటి పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉంటారు. ఇష్టమైనవాడి ఆట తనకీ ఇష్టమని చెప్పడం ఆ వయసుకి పెద్ద నేరం కాదు. క్రికెటైతే నో బాల్‌కి చప్పట్లు కొట్టి నాలుక కరుచుకుంటారు, అంతే. ఇక్కడ మాత్రం "నాకొచ్చు" అన్న మాటను నమ్మి ఇంకొకరు తాడు పట్టుకుంటారు. అట్లాగని నలుగురిలో నిలదీస్తే ఆ పిల్ల గుట్ట కింద నుంచే ఇంటికి పోతుంది. అందుకే ఎవరు ఎన్నేళ్లు ఎక్కినా అందరూ హార్నెస్, అంటే నడుముకి, తొడలకి బిగించుకునే పట్టీలు, తొడగడం నుంచే మొదలుపెట్టాలన్నది మా పద్ధతి. తెలియదని ఒప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ రాదు.

భువనగిరి కొండంతా దాదాపు ఒకే రాయి. 500 అడుగులు దాటిన గుండు. పైన కోట కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడిదంటారు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు, ఆ పేరు మీద త్రిభువనగిరి, అదే నోళ్లలో నలిగి భువనగిరి. ఈ రాళ్ల మీదే తాడు పట్టడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగు నిండకుండానే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ సంగతి చెబితే మన అమ్మాయి ముఖంలో మొదటిసారి అసలైన ఆశ్చర్యం కనిపించింది. ఫోన్లో చూసినవన్నీ కాలిఫోర్నియా రాళ్లు మరి.

దిగగానే చేసిన మొదటి పని ఆమె మెడ మీది సెంటు కడిగించడం. ఇలాంటి బండల చూరు కింద పెద్ద తేనెపట్లుంటాయి. ఘాటు వాసనకి, అరుపులకి ఈగలు లేస్తే తాడు మీదున్న మనిషి పారిపోవడానికి దారి ఉండదు. ఎక్కే దారి పైన తేనెపట్టు ఉందేమో ముందు తలెత్తి చూసుకోవాలి. ఉంటే ఆ పూట ఆ దారి వదిలెయ్యాలి. నీళ్లు కారిన నల్లచారల మీద కూడా పాదం పెట్టకూడదు. ఎండినట్టే కనిపిస్తాయి, పాచి పొర మాత్రం అలాగే ఉంటుంది.

హార్నెస్ నడుం పట్టీ తుంటి ఎముకల పైన కూర్చోవాలి. బిగించాక పట్టీకి, ఒంటికి మధ్య అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. కిందికి జారితే తలకిందులైనప్పుడు మనిషి ఊడొస్తాడు. మన అమ్మాయి పట్టీ ప్యాంటు బెల్టులా కిందికి వేసుకుంది. తాడు తెచ్చి పక్కనున్న సన్న రింగులో దూర్చింది. అది సామాను తగిలించుకునే రింగు, ఐదారు కిలోలకే తప్ప మనిషి బరువుకి కాదు. తాడు దూరాల్సింది ముందువైపు నడుం పట్టీకి ఒకటి, కాళ్ల పట్టీల మధ్య ఒకటి ఉండే రెండు గట్టి రింగుల్లోకి. కొత్తవాళ్లలో ఈ తప్పు ఎంత మామూలంటే, నేను ఎవరి ముఖమూ చూడకుండా రింగుల వైపే చూసుకుంటూ వరస నడుస్తాను.

తర్వాత ఎనిమిది ముడి. తాడు కొస నుంచి చేతి పొడవు వదిలి ఒక ఎనిమిది అంకె వెయ్యాలి. కొసను రెండు రింగుల్లోంచి తీసి, వచ్చిన దారినే పక్కపక్కన వెనక్కి నడిపించాలి. ముగిశాక చూస్తే తాడు అంతటా జంటగా కనబడాలి, ఐదు జంటలు లెక్కకి రావాలి. ఎక్కడైనా ఒంటిపోగు ఉంటే దారి తప్పినట్టే. మిగిలిన కొస జానెడుకి తగ్గకూడదు. ముడి హార్నెస్‌కి పిడికెడు దూరంలోనే ఉండాలి. అందరూ కట్టాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. నాలుగోసారికి ఆమెకి జంటలు కుదిరాయి. అప్పటిదాకా పక్కవాళ్లని చూసి వేళ్లు ఆడించింది.

జతలు నేనే వేస్తాను, స్నేహాన్ని బట్టి కాదు, బరువుని బట్టి. అబ్బాయి 68 కిలోలు, ఈమె 42. వాడు జారితే కింద తాడు పట్టిన ఈమే గాల్లోకి లేస్తుంది. బక్కపల్చటి ఇంకో అమ్మాయితో జత వేస్తే కాసేపు ముఖం ముడుచుకుంది. ఎక్కేముందు జతలో ఇద్దరూ ఒకరి ముడి, బకిల్, కారాబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) మర ఒకరు చేత్తో తాకి చూడాలి. కంటితో చూస్తే చాలదు. మర సగం తిరిగి ఉన్నా బిగిసినట్టే కనిపిస్తుంది.

వాలు రాయి మీద భయమేస్తే మనిషి రాయిని కౌగిలించుకుంటాడు. జారేది అందుకే. అక్కడ పట్టు చేతుల్లో ఉండదు, పాదం రాయిని ఎంత నొక్కితే అంత రాపిడి. ఒళ్లు రాయికి ఆనిస్తే నొక్కుడు తగ్గి పాదం వెనక్కి తన్నుకుపోతుంది. నడుం బయటికి పెట్టాలి, మడమ కిందికి దించాలి, మోకాలంత ఎత్తు అడుగులు కాకుండా జానెడు జానెడు వెయ్యాలి. మడమ లేపి వేళ్ల మీద నిలబడితే రెండు నిమిషాల్లో పిక్కలు కుట్టుమిషన్‌లా వణుకుతాయి. ఆమెకీ వణికాయి. ఇరవై అడుగుల దగ్గర ఆగిపోయి, వీ-ఫోర్ సంగతి మర్చిపోయి, "అక్కా, నాకు రాదు, దించు" అని అరిచింది. దించాం. అబ్బాయి పక్క దారిలో తన కాళ్లు తాను చూసుకుంటున్నాడు.

మధ్యాహ్నం రాపెల్లింగ్, అంటే తాడు మీద జారుతూ కిందికి దిగడం. ఇందులో జుట్టుతో చిక్కులొస్తాయి. దిగే వేగాన్ని అదుపు చేసే ఎనిమిది ఆకారపు డిసెండర్‌లో తాడు వేగంగా లాక్కుపోతుంటుంది. వేలాడే జడ, దుపట్టా కొస, టీషర్టు అంచు ఏది దగ్గరికొచ్చినా మింగేస్తుంది. అలా చిక్కితే కత్తితో కొయ్యాలని చూడకూడదు, బిగువు మీదున్న తాడు ఒక్క గీతకే తెగుతుంది. బరువు పడితే తాడుని బిగించి పట్టే ప్రుసిక్ ముడిని సన్నతాడుతో డిసెండర్ పైన వేసి, దానికో ఉచ్చు వేలాడదీసి, అందులో పాదం పెట్టి లేస్తే డిసెండర్ మీద బరువు పోతుంది. అప్పుడు జుట్టు మెల్లగా తియ్యొచ్చు. అంతకన్నా ముందే జడ చొక్కా లోపలికి దోపుకుంటే ఏ తంటా లేదు. జడ బయటికి కనిపించాలని పొద్దున్నుంచి హెల్మెట్ వదులుగా పెట్టుకున్న ఈ పిల్ల, చెప్పగానే మారు మాట్లాడకుండా దోపుకుంది.

తిరుగు బస్సులో అబ్బాయి కిటికీకి తలానించి నిద్రపోయాడు. ఆమె నా పక్కకొచ్చి కూర్చుంది. "ఎక్కుడు నాకు నచ్చలేదక్కా. ముడులు మాత్రం మంచిగున్నయి" అంది. సంచిలోంచి ఆరు మిల్లీమీటర్ల తాడు ముక్క, ఒకటిన్నర మీటరుది, తీసిచ్చాను. రెండు కొసలు కలిపి ఉచ్చు కట్టుకుని, ముందు సీటు పక్కనున్న నిలువు కడ్డీకి ప్రుసిక్ వేసింది. స్టీలు నున్నగా ఉంటుంది కదా, మూడు చుట్లకి జారింది. నాలుగోది వేసింది. ఘట్‌కేసర్ దాటేసరికి కండక్టర్ వచ్చి, "అది బస్సు కడ్డీ బిడ్డా, చీర కొంగు కాదు, ముళ్లెయ్యకు" అన్నాడు. ఉచ్చు పట్టుకుని కిందికి లాగి చూపించింది. జారలేదు.