ఏమీ తోచడం లేదన్న పెద్దమనిషి

టీవీ చర్చల మీద బ్రిటన్‌లో వచ్చిన వ్యంగ్యమంతటిలో నాకు అన్నిటికన్నా విలువైనది 1970 నవంబరు 3న బీబీసీలో వచ్చిన ఒక చిన్న ప్రహసనం. మాంటీ పైథాన్ అనే హాస్య బృందం చేసిన 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' రెండో సీజన్ ఆరో భాగంలో ఉంటుంది. పేరు 'ఎలక్షన్ నైట్ స్పెషల్'. ఓట్ల లెక్కింపు రాత్రి, ఒక స్టూడియో, ఒక యాంకర్, చుట్టూ విశ్లేషకులు. పోటీ ప్రధానంగా బుద్ధిమంతుల పార్టీకీ తిక్క పార్టీకీ మధ్య. చూసినవాళ్లలో చాలామందికి గుర్తుండేది తిక్క పార్టీ అభ్యర్థుల పొడవాటి పేర్లు. నాకు మాత్రం ఆ విశ్లేషకుల వరసే ముఖ్యం. హైదరాబాద్‌లో ఒక తెలుగు వార్తా చానెల్‌లో చర్చలకు అతిథులను పిలిచే డెస్క్‌లో చాలాకాలం పనిచేశాను. ఆ వరసలో కూర్చున్న ఒక్కొక్కరికీ నేను ఫోను చేసి రప్పించినట్టే అనిపిస్తుంది.

యాంకర్ వేషంలో ఉన్నది జాన్ క్లీజ్. మొదటి ఫలితం ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, లెస్టర్ కావచ్చు, లూటన్ కావచ్చు అని ఉత్సాహంగా చెబుతుంటాడు. అంతలో ఎడమ చెవిలో ఏదో రొద వినిపిస్తోందని ఆగుతాడు. తల మీద కొట్టుకుంటే చెవిలోంచి పెద్ద తేనెటీగ బయటపడుతుంది. తర్వాత ఏమీ జరగనట్టు లెస్టర్‌కు వెళదాం అంటాడు. ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూం (పీసీఆర్) నుంచి ముగ్గురు ఒకేసారి చెవిలోని టాక్‌బ్యాక్‌లో అరుస్తుంటే, ముఖంలో ఏమీ కనిపించనీయకుండా మాట్లాడే యాంకర్లను దగ్గరగా చూసినదాన్ని కాబట్టి, ఆ తేనెటీగ నాకు కల్పనలా తోచదు.

లెస్టర్ ఫలితం వస్తుంది. తిక్క పార్టీ గెలుస్తుంది. 'దీన్ని ఎలా చూస్తారు నార్మన్?' అని అడుగుతాడు యాంకర్. నార్మన్ చెప్పేది ఇది: చాలావరకు నేను ఊహించినట్టే జరిగింది, తిక్క పార్టీ గెలవడం ఒక్కటి తప్ప, దీనికి ముఖ్య కారణం పోలైన ఓట్ల సంఖ్య అనుకుంటాను. ఈ చివరి ముక్క దగ్గర నేను ప్రతిసారీ వీడియో ఆపుతాను. అందులో అబద్ధం లేదు. ఓడిన పార్టీ కూడా కాదనలేదు. స్వరంలో తడబాటు లేదు, కళ్లలో అనుమానం లేదు. తప్పు పట్టడానికి వీలు లేకుండా, ఒక్క సంగతి కూడా చెప్పకుండా, నోట్లోంచి నున్నగా జారిపోయే ఇలాంటి వాక్యాలతోనే మా లెక్కింపు ఉదయాలన్నీ నిండిపోయేవి. 'ప్రజలు స్పష్టమైన తీర్పు ఇవ్వబోతున్నారు' అన్నది ఆ జాతి వాక్యమే. 'ఎవరికి ఎక్కువ సీట్లు వస్తే వారిదే అధికారం' అన్నదీ అంతే.

నార్మన్ తర్వాత ఒకాయన, తిక్క పార్టీ వైపు ఓట్లు బాగా మొగ్గాయి కానీ ఎంత మొగ్గాయో చెప్పను అంటాడు. ఇంకొకాయన, ముల్లు అటు బాగా తిరిగి, మళ్లీ ఇటు బాగా తిరిగి, నడుమ పైకీ కిందికీ ఊగుతోంది, స్క్రూ వదులైంది అంటాడు. ఆ ముల్లు, ఓట్లు ఎటు ఎంత మొగ్గాయో చూపడానికి బీబీసీ ఎన్నికల రాత్రుల్లో నిజంగా వాడిన స్వింగోమీటరుది. దాని ముందు నిలబడి వివరించిన రాబర్ట్ మెకెంజీ, లెక్క వెనక ఉన్న డేవిడ్ బట్లర్, ఇద్దరూ గట్టి పండితులే. లెక్కా సులువైనదే: గత ఎన్నికతో పోలిస్తే ఒక పార్టీ ఓట్ల వాటా 5 పాయింట్లు పెరిగి, దాని ప్రత్యర్థి వాటా 3 పాయింట్లు తగ్గితే, ఆ రెండింటి సగటు 4 శాతం స్వింగ్. రెండు పార్టీలే బలంగా ఉన్నచోట అది నిజంగా పనికొచ్చే పనిముట్టు. మంచి పనిముట్టు ఉన్నా, దాని మీదికి చేరవలసిన అంకెలు ఇంకా రాకముందే మాట్లాడి తీరాల్సి రావడమే చిక్కు.

ప్రహసనం వచ్చిన 1970లోనే జూన్ 18న బ్రిటన్‌లో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. హెరాల్డ్ విల్సన్ లేబర్ పార్టీయే మళ్లీ గెలుస్తుందని సర్వేలు దాదాపుగా ముక్తకంఠంతో చెప్పాయి. ఎడ్వర్డ్ హీత్ నాయకత్వంలో కన్సర్వేటివ్‌లు గెలిచారు. ఆ తర్వాత ఐదు నెలలు తిరగకముందే ఈ ప్రహసనం ప్రసారమైంది. 'నేను ఊహించినట్టే, గెలుపు ఒక్కటి తప్ప' అన్న మాట ఆనాటి ప్రేక్షకుల చెవిలో ఎంత తాజాగా పడి ఉంటుందో ఆలోచించండి.

ఇక నాకు ప్రాణమైన ఘట్టం. ఒక విశ్లేషకుడి వంతు వస్తుంది. క్షమించండి, నాకు ఏమీ తోచడం లేదు అంటాడు. పక్కవాడు, దానికి నేను చేర్చగలిగింది లేదు అంటాడు. రెండే రెండు వాక్యాలు. హాలులో నవ్వులు. నాకు ఆ మనిషిని చూస్తే గౌరవం కలుగుతుంది.

ఎందుకో చెబుతాను. మన దగ్గర లెక్కింపు ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. ముందు పోస్టల్ బ్యాలెట్లు, 8.30 నుంచి ఈవీఎంలు. మొదటి రౌండ్ అంకెలు అధికారికంగా చేతికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. అతిథులను మాత్రం ఆరు గంటలకల్లా స్టూడియోలో కూర్చోబెట్టేవాళ్లం. తెలంగాణలో 119 స్థానాలు, అధికారానికి 60 కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 175, కావలసింది 88. ఈ అంకెలు గ్రాఫిక్స్ ప్లేట్ మీద వెలుగుతూ ఉంటాయి, వాటి కింద గళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని మాటలతో నింపాలి.

అలాంటి ఒక ఉదయం, రాజనీతిశాస్త్రం బోధించి రిటైరైన ఒక మాస్టారిని పిలిచాను. చేతిలో అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్. అందులో ఎర్ర సిరాతో నియోజకవర్గం పేరు, నీలి సిరాతో మండలాల వారీగా గత మూడు ఎన్నికల ఓట్లు, ఆధిక్యాలు, అన్నీ ఆయన సొంత దస్తూరీ. మేకప్ గదిలో రెండు పేజీలు నాకు చూపించి, ఏ మండలం ఏ రౌండ్లో లెక్కకు వస్తుందో ముందే తెలిస్తే ఎంత చెప్పవచ్చో వివరించారు. ఎనిమిదీ ఇరవైకి యాంకర్, 'మాస్టారూ, గాలి ఎటు వీస్తోంది?' అని అడిగింది. 'ఇప్పటికి లెక్కించినవి కొద్ది పోస్టల్ బ్యాలెట్లమ్మా. వాటిని బట్టి చెప్పగలిగింది ఏమీ లేదు. మూడు రౌండ్లయ్యాక అడుగు, చెబుతాను' అన్నారాయన. వెంటనే టాక్‌బ్యాక్‌లో, 'ఆయన్ని వదిలేసి పక్కాయన దగ్గరికి వెళ్లు' అని వినిపించింది. పక్కాయన చాలాసేపు మాట్లాడారు. మూడు రౌండ్లూ అయ్యాయి. మాస్టారిని ఎవరూ అడగలేదు. నోట్‌బుక్ ఆయన ఒళ్లోనే ఉండిపోయింది. మర్నాడు డెస్క్ ఫోను జాబితాలోంచి ఆయన పేరు తీసేయమన్నారు. నేను వాదించాను, నెగ్గలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాతి తరాల్లోనూ ఈ దారిలో గొప్ప పని జరిగింది. 1994లో బీబీసీ టూలో వచ్చిన 'ది డే టుడే' వార్తల రూపాన్నే పట్టుకుంది. అట్టహాసమైన గ్రాఫిక్స్, ఉరిమే సంగీతం, ఏ అర్థమూ లేని ఆర్థిక వార్తలు. ఒక భాగంలో క్రిస్ మోరిస్ యాంకర్‌గా కూర్చుని, శాంతి ఒప్పందం చేసుకున్న ఆస్ట్రేలియా, హాంకాంగ్ ప్రతినిధులను స్టూడియోలోనే రెచ్చగొట్టి యుద్ధం తెప్పిస్తాడు, ఆ యుద్ధాన్నే ప్రసారం చేస్తాడు. పదును విషయంలో అది పైథాన్ బృందాన్ని మించిందని ఒప్పుకుంటాను. కానీ అందులో అపరాధి ఎవరో చూడగానే తెలుస్తుంది: ఆ యాంకరే. ఎన్నికల రాత్రి ప్రహసనంలో అపరాధి కనిపించడు. అందరూ మర్యాదస్తులే, అడిగినప్పుడే మాట్లాడతారు. మా స్టూడియో కూడా అలాగే ఉండేది.

ప్రహసనం చివరివరకూ ఒకే బిగితో నడవదు. లూటన్ ఫలితం తర్వాత పేర్ల మీద, వింత శబ్దాల మీద ఆధారపడటం ఎక్కువై, వెనక ఉన్న ఆలోచన పలచబడుతుంది. జనానికి నచ్చింది మాత్రం ఆ భాగమే. 1981లో క్రాస్బీ ఉపఎన్నికలో ఒక విద్యార్థి తిక్క పార్టీ అభ్యర్థి పొడవాటి పేరును తన పేరుగా పెట్టుకుని నిజంగానే పోటీ చేశాడు, 223 ఓట్లు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు పత్రికా రచన నేర్చుకునే పిల్లలకు అప్పుడప్పుడు పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రహసనం తప్పకుండా చూపిస్తాను. మొదటిసారి వాళ్లూ పేర్లకే నవ్వుతారు. రెండోసారి లెస్టర్ ఫలితం దగ్గర ఆపి, రేపటి చర్చకు ఈ వరసలోంచి ఎవరిని మళ్లీ పిలుస్తారని అడుగుతాను. ఎక్కువమంది నార్మన్ అంటారు, ఆగకుండా మాట్లాడతాడని. నేను ఏమీ తోచడం లేదన్నాయన్ని పిలుస్తానంటాను, మూడు రౌండ్లయ్యాక ఆయనకే మొదటి ప్రశ్న వేస్తానంటాను. 'అంతవరకూ స్క్రీన్ మీద ఏం చూపిస్తారు మేడమ్?' అని అడుగుతారు. మండలాల పట్టిక వేయండి, ఏ రౌండ్లో ఏ ఊరు లెక్కిస్తున్నారో చెప్పండి, గత మూడు ఎన్నికల్లో ఆ ఊరు ఎటు వేసిందో పక్కన రాయండి అంటాను. దానికి ముందురోజు రాత్రంతా పని ఉంటుందని వాళ్లు గొణుగుతారు. ఉంటుంది మరి, చేయండి అంటాను.